సొంత కారులో కుటుంబంతో హైదరాబాద్ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, వరంగల్, కర్నూలు, నిజామాబాద్ వైపుల నుంచి పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో కారులో హైదరాబాద్ చూడ్డానికి వచ్చేవాళ్ల ప్రశ్నలివి. ఇక్కడ ఉంటున్నాం కాబట్టి సెలవులు వస్తున్నాయంటే చాలు, చుట్టాల నుంచి, స్నేహితుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఒకటే. ఊరిదాకా కారులో హాయిగా రండి, వచ్చాక దాన్ని హోటల్ సెల్లార్‌లో పెట్టేసి మెట్రోలో, ఆటోల్లో తిరగండి. కారు తీయాల్సిన చోట్లు రెండు మూడే ఉన్నాయి, అవి కింద చెప్తాను.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

రెండు రాత్రులు, మూడు పగళ్లు. రోజుకు ఒకే దిక్కు పెట్టుకోండి. పాతబస్తీకి ఒక రోజు: చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం. పడమటి వైపు ఒక పూట: గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు. ఊరి నడిమధ్యన ఒక సాయంత్రం: బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పడవ. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం జూ, సాయంత్రం హైటెక్ సిటీ అని రాసుకొచ్చే ప్లాన్‌లు కాగితం మీద బాగానే ఉంటాయి. పిల్లలు మాత్రం ఆ రోజంతా వెనక సీట్లో నిద్రపోతూనే గడుపుతారు.

ఏ వారం బయలుదేరితే మంచిది?

సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లాకు శుక్రవారం సెలవు. జూకు సోమవారం సెలవు. ఈ రెండూ గుర్తుంటే చాలు. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు నమాజు వేళ చార్మినార్ చుట్టుపక్కల జనం ఎక్కువ, అప్పుడు అటు పెట్టుకోకండి. శుక్రవారం పొద్దున బయలుదేరి ఆ సాయంత్రం ట్యాంక్‌బండ్, శనివారం పాతబస్తీ, ఆదివారం పొద్దునే గోల్కొండ చూసుకుని మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. నాకు బాగా నచ్చిన వరస ఇది. ఆదివారం సాయంత్రం సిటీలోకి వచ్చే రద్దీయే ఎక్కువ, మీరు వెళ్లేది దానికి ఎదురు దిక్కున.

నెలల్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ (పెద్ద ఎగ్జిబిషన్) కూడా ఉంటుంది, పిల్లలకు పండగే. వినాయక నిమజ్జనం రోజున మాత్రం హుస్సేన్‌సాగర్ వైపు రోడ్లు మూసేస్తారు, కారుతో రావద్దు.

ఇంకో మాట. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. అందరూ ఊళ్లకు పోతూ విజయవాడ దారిలో పంతంగి టోల్ దగ్గర బారులు తీరి ఉంటే, మీరు అదే రోజు ఎదురు దిక్కున వస్తారు. పండగ ఇంట్లో చేసుకోకపోయినా పర్లేదు అనుకునే కుటుంబానికి ఊళ్లో రోడ్లు అంత ఖాళీగా దొరికే రోజులు ఏడాదిలో మళ్లీ ఉండవు.

ఏ దారిలో రావాలి? ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలా?

హోటల్ ఎక్కడ అన్నదాన్ని బట్టి ఉంటుంది. విజయవాడ నుంచి సుమారు 275 కిలోమీటర్లు. నగరం నడిబొడ్డున దిగేవాళ్లు పెద్ద అంబర్‌పేట దాటి నేరుగా హయత్‌నగర్, ఎల్‌బీనగర్ మీదుగా లోపలికి రావడమే నయం. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు దిగేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ ఎక్కేయాలి. దూరం పెరిగినా టెన్షన్ ఉండదు. కర్నూలు నుంచి వచ్చేవాళ్లకు శంషాబాద్ దాటాక ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే మెహదీపట్నం దాకా సిగ్నల్ ఉండదు. వరంగల్ వాళ్లు ఘట్‌కేసర్, ఉప్పల్ మీదుగా. నిజామాబాద్ వాళ్లు మేడ్చల్ మీదుగా. కరీంనగర్ వాళ్లు శామీర్‌పేట మీదుగా వస్తారు.

ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు, కార్లకు గరిష్ఠ వేగం 120. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో లెక్కేసి టోల్ తీసుకుంటారు. పిల్లాడికి వాంతి వచ్చిందనో ఫోన్ వచ్చిందనో ఔటర్ పక్కన బండి ఆపడం ప్రాణాలకే ముప్పు. వెనక నుంచి వచ్చే లారీవాడికి ఆగిన కారు ఆఖరి నిమిషం దాకా తెలియదు. ముందు వచ్చే ఎగ్జిట్‌లో దిగి ఆపుకోండి.

ఫాస్టాగ్‌లో ఎంత ఉంచాలి? ఏడాది పాస్ కొనాలా?

విజయవాడ దారిలో చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి అని మూడు టోల్ ప్లాజాలున్నాయి. కారుకు ఒకవైపు మూడూ కలిపి రూ.300 పైచిలుకు. ఔటర్‌కు వేరే. రూ.1,000 ఉంచితే నిశ్చింత. ఫాస్టాగ్ పనిచేయకపోతే యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. 24 గంటల్లో తిరిగొచ్చేవాళ్లకిచ్చే రిటర్న్ తగ్గింపు రెండు రాత్రులు ఉండేవాళ్లకు రాదు.

2025 ఆగస్టులో రూ.3,000తో మొదలైన ఏడాది పాస్ జాతీయ రహదారుల ప్లాజాల మీదే చెల్లుతుంది, ఔటర్ మీద చెల్లదు. ఏడాదికి ఐదారు సార్లు ఇంత దూరం తిరిగేవాళ్లకు లాభం. ఈ ఒక్క ట్రిప్ కోసమైతే వద్దు.

హోటల్ ఏ ఏరియాలో తీసుకోవాలి?

మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో. అద్దె రూ.500 ఎక్కువైనా సరే. ఆ 500 ఆటోలకు ఒక్క రోజులో ఖర్చయిపోతుంది.

మొదటిసారి వచ్చే కుటుంబానికి నేను చెప్పేది లక్డీకాపూల్. బిర్లా మందిర్ దగ్గర, ట్యాంక్‌బండ్ దగ్గర, చుట్టూ టిఫిన్ సెంటర్లు, మీల్స్ హోటళ్లు ఉన్నాయి. ఎర్ర లైన్ మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కడి నుంచి పాతబస్తీ పక్కనే. మధ్యస్థం ధరలో రూములు చాలానే దొరుకుతాయి. అమీర్‌పేట కూడా బాగుంటుంది, ఎర్ర లైన్, నీలం లైన్ అక్కడే కలుస్తాయి కాబట్టి హైటెక్ సిటీకీ సులువు. కాకపోతే కోచింగ్ సెంటర్ల వీధుల్లో కారు లోపలికి తీసుకెళ్లడమే పెద్ద పని. అబిడ్స్, నాంపల్లిలో లాడ్జీలు చవక, పార్కింగ్ మాత్రం చాలా చోట్ల ఇరుకు.

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు హోటళ్లకు ఆఫీసుల వాళ్లే ఎక్కువగా వస్తారు. అందుకే శని, ఆదివారాల్లో అక్కడ రేట్లు దిగే అవకాశం ఉంటుంది, రూములు పెద్దవి, సెల్లార్లు విశాలం. మాల్స్, దుర్గం చెరువు, శిల్పారామం చాలనుకుంటే అక్కడే దిగండి. పాతబస్తీ చూడాలనుకుంటే మాత్రం ఆ దూరం రోజూ బాధిస్తుంది.

రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలనుకునే విజయవాడ వైపు వాళ్లు మొదటి రాత్రి ఎల్‌బీనగర్‌లో దిగొచ్చు. మెట్రో చివరి స్టేషన్ అక్కడే ఉంది.

బుక్ చేసే ముందు హోటల్‌కు ఫోన్ చేసి ఏం అడగాలి?

యాప్‌లో "ఫ్రీ పార్కింగ్" అని చూసి ఊరుకోకండి. ఫోన్ చేసి అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు "ఉంది సార్, పార్కింగ్ ఉంది" అంటాడు. ఆ ఒక్క మాటతో ఫోన్ పెట్టేయకండి. ఇలా అడగండి: "సెల్లార్‌లోనా, ముందు రోడ్డు మీదా? ఎన్ని కార్లు పడతాయి? రాత్రి పదింటికి వస్తే చోటుంటుందా? మాది ఇన్నోవా, దిగుతుందా?" పాత బిల్డింగుల్లో సెల్లార్ ర్యాంపు నిలువుగా ఉంటుంది, మలుపులోనే స్తంభం ఉంటుంది. పెద్ద బండి దిగాక తిప్పుకోవడానికి చోటుండదు.

చాలా సెల్లార్లలో ఒక కారు వెనక ఇంకో కారు అడ్డంగా పెట్టి, తాళం వాచ్‌మన్‌కు ఇమ్మంటారు. అది ఇక్కడ మామూలే. ఇచ్చే ముందు బండి నాలుగు వైపులా, మీటర్ రీడింగ్‌తో సహా ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. డ్యాష్‌బోర్డులో డబ్బు, కాగితాలు ఉంచకండి. పొద్దున ఏడింటికి బయలుదేరాలంటే ముందు రోజు రాత్రే వాచ్‌మన్‌కు చెప్పిపెట్టండి, చేతిలో ఒక యాభై పెడితే మీ బండి ముందు వరసలో ఉంటుంది.

హోటల్లో బాంక్వెట్ హాలుంటే మీరు దిగే రోజు ఫంక్షన్ ఉందేమో కనుక్కోండి. మాఘం, శ్రావణం ముహూర్తాల్లో పెళ్లివారి కార్లతో సెల్లార్ నిండిపోతుంది, అర్ధరాత్రి దాకా బ్యాండు ఆగదు. క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసుకుని రూము తీసుకోమని చంటిపిల్లలున్న ప్రతి ఇంటికీ చెప్తాను.

ఇవి కూడా అడగండి: చెకిన్ పన్నెండు గంటలకా, 24 గంటల పద్ధతా? పొద్దున తొమ్మిదికే చేరేవాళ్లకు 24 గంటల లాడ్జి బాగా కలిసొస్తుంది. ఎక్స్‌ట్రా బెడ్ ఎంత, అది మంచమా, నేల మీద పరుపా? ఎన్నేళ్ల దాకా పిల్లలకు టిఫిన్ ఉచితం? లిఫ్ట్ ఉందా? మోకాళ్ల నొప్పులున్న అత్తగారితో వచ్చి మూడో అంతస్తు మెట్లెక్కించాల్సి వస్తే ఆ ట్రిప్‌లో మరేదీ గుర్తుండదు. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి.

జీఎస్టీ ఎంత పడుతుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా ఉన్న రూములకు 5 శాతం, అంతకు పైన 18 శాతం. ఇంతకుముందులా 12 శాతం వేస్తే బిల్లు చూపించి అడగండి. భోజనం హోటళ్లలో సర్వీస్ ఛార్జ్ తప్పనిసరి కాదు, తీసేయమంటే తీసేయాలి.

నలుగురికి మొత్తం ఎంతవుతుంది?

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి పెట్రోలు కారు, రెండు రాత్రులు అనుకుందాం. రానుపోను, ఊళ్లో కాస్త తిరుగుడు కలిపి 610 కిలోమీటర్లు. లీటరుకు 15 చొప్పున దాదాపు 41 లీటర్లు, లీటరు రూ.108 అనుకుంటే సుమారు రూ.4,400. టోల్ 600. రూము 3,000, ఎక్స్‌ట్రా బెడ్ 600, రెండు రాత్రులకు జీఎస్టీతో 7,600. తిండికి రోజుకు 2,200 చొప్పున మూడు రోజులకు 6,600. మెట్రో, ఆటోలు 1,500. టికెట్లు, పడవ, గైడు 1,500. గాజులు, బిస్కెట్లు, ఐస్‌క్రీములు 2,000. మొత్తం రూ.24,000 దాటుతుంది. రామోజీ ఫిల్మ్ సిటీ చేరిస్తే రూ.30,000 పైమాటే. వరంగల్ నుంచైతే పెట్రోలు దాదాపు సగానికి తగ్గుతుంది.

తగ్గించుకోవాలంటే తిండి దగ్గర తగ్గించకండి. రూము దగ్గర తగ్గించండి: టిఫిన్ కలిపిన రూము వద్దని, టిఫిన్ బయట తినండి. నలుగురికి బయట ఇడ్లీ, దోసె, కాఫీ రూ.400తో కడుపు నిండుతుంది.

పాతబస్తీకి కారు తీసుకెళ్లొచ్చా?

వద్దు. చార్మినార్ దాకా కారు పోనివ్వరు, దూరంగా ఎక్కడో పెట్టి జనంలో నడవాలి. మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి పది నిమిషాలు.

మ్యూజియంలోకి పదకొండులోపు వెళ్లండి. పన్నెండు కాబోతుండగా సంగీత గడియారం ఉన్న చోటికి చేరుకోవాలి. గడియారం ముందు బెంచీలు ముందే నిండిపోతాయి. అందులో కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. గంట అయ్యేముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికి వస్తుంది, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. అందుకే పన్నెండింటికి అంతమంది చేరతారు, పన్నెండుసార్లు కొట్టేదాకా హాలంతా పిల్లలు గట్టిగా లెక్కపెడుతుంటారు. ఆ తర్వాత ముసుగు రెబెక్కా దగ్గరికి తీసుకెళ్లండి. 1876 నాటి పాలరాతి బొమ్మ, రాయిలో చెక్కిన ముసుగు గుండా ముఖం కనిపిస్తుంది. ఒకే కొయ్యలో ముందు వైపు మగ, వెనక వైపు ఆడ రూపం చెక్కిన శిల్పాన్ని కూడా వదలొద్దు, అద్దంలో రెండో వైపు చూడొచ్చు.

చార్మినార్ 1591లో కట్టింది. లోపలి మెట్లు ఇరుకు, పెద్దవాళ్లను కిందే ఉండనివ్వండి. పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, వేడి ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని నిలబడి తాగండి. లాడ్ బజార్‌లో లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ బేరం ఆడాల్సిందే, మొదటి ధర ఎవరూ ఇవ్వరు.

గోల్కొండ ఎక్కడం పెద్దవాళ్లకు కష్టమా?

పైదాకా ఎక్కాలంటే కష్టమే, మూడు వందలకు పైగా మెట్లున్నాయి. కానీ కింద చూసేదే చాలా ఉంది. కోట లోపలికి వెళ్లే ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన, కొండ మీదున్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. తాతయ్య కింద చప్పట్లు కొట్టాలి, మనవడు పైన విని ఫోన్ చేయాలి. భక్త రామదాసును ఉంచిన చెర కూడా ఇక్కడే ఉంది. భద్రాచలం వెళ్లొచ్చిన పెద్దవాళ్లు అక్కడ చాలాసేపు నిలబడిపోతారు, వాళ్లను తొందరపెట్టకండి.

ఇది కారులో వెళ్లాల్సిన చోటు, మెట్రో లేదు. పొద్దున ఏడున్నరకు బయలుదేరి ఎనిమిదికల్లా గేటు దగ్గరుంటే పార్కింగ్ దొరుకుతుంది, ఎండ ముదరక ముందే దిగొచ్చేయొచ్చు. పురావస్తు శాఖ చూసుకునే గోల్కొండ, చార్మినార్‌లలో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. పెద్దలకు ఆన్‌లైన్‌లో తీసుకుంటే కాస్త తక్కువ.

రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాలా?

రోజంతా పోతుంది, తలకు రూ.1,500 పైనే. పిల్లలు ఎనిమిదేళ్లు దాటినవాళ్లైతే వాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. కారు బయట పెట్టి వాళ్ల బస్సుల్లోనే లోపలికి వెళ్లాలి. మూడు, నాలుగేళ్ల చంటివాళ్లుంటే ఆ రోజు జూకు ఇవ్వండి, అక్కడ కారు పార్కింగ్, లోపల తిరగడానికి బ్యాటరీ బండ్లు ఉన్నాయి, ఖర్చు కూడా చాలా తక్కువ.

బిర్యానీ ఎక్కడ తినాలి? పిల్లలకు కారం ఎక్కువవుతుందా?

పేర్ల మీద ఇక్కడి వాళ్లే ఇళ్లల్లో పోట్లాడుకుంటారు. ప్యారడైజ్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి, హైకోర్టు వైపు షాదాబ్ అందరికీ తెలిసినవి. నా ఓటు మధ్యాహ్నం పన్నెండున్నరకు షాదాబ్‌కు, మొదటి హండీలు అప్పుడే దిగుతాయి. ఇద్దరికి ఒక సింగిల్ చాలు, పిల్లలకు పెరుగు చట్నీ ఎక్కువ అడగండి. రంజాన్‌లో వస్తే హలీమ్ వదలొద్దు. సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం, మామిడి లాంటి పండ్ల ఐస్‌క్రీం తిని హోటల్‌కు చేరుకోండి. శాకాహారులకు టిఫిన్లు, మీల్స్ అన్ని వీధుల్లో ఉన్నాయి, ఇబ్బంది లేదు.

ఆడవాళ్లకు బస్సు ఉచితమేనా?

తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. ఆంధ్ర చిరునామా వాళ్లు టికెట్ తీసుకోవాలి.

ఏపీ నంబరు కారైతే ఆపుతారా?

ట్రిప్‌కు వచ్చిన కారుకు ఇబ్బందేమీ లేదు. ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో ఉన్నా చాలు. ఇక్కడ సిగ్నళ్ల దగ్గర కెమెరాలే చలానా వేస్తాయి. ఎవరూ ఆపలేదు కదా అనుకోకుండా, ఇంటికెళ్లాక తెలంగాణ ఈ-చలానా సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోండి.

తిరుగు ప్రయాణం ఎప్పుడు?

మధ్యాహ్నం రెండులోపు హోటల్ వదలండి. వాన పడే సూచన ఉంటే ఇంకా ముందే. గంటసేపు గట్టి వాన పడితే మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ దాటడానికే గంటన్నర పడుతుంది. ట్యాంకు ముందు రోజు రాత్రే నింపి, టైర్ల గాలి చూపించుకోండి. ఆంధ్రలో పెట్రోలు లీటరు ధర ఎక్కువ కాబట్టి విజయవాడ వైపు వెళ్లేవాళ్లు హైదరాబాద్‌లోనే ఫుల్ చేయించుకుంటే ఆ కాస్తా మిగులుతుంది.